'స్వీనీ' అనే మాటను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
1977లో వచ్చిన 'స్వీనీ!' అనే బ్రిటిష్ పోలీసు సినిమాకు చిన్న పరిచయం రాస్తున్నాను. అంతకు రెండేళ్ళ ముందు మొదలైన టెలివిజన్ ధారావాహిక ఇంకా నడుస్తుండగానే అవే పాత్రలతో తీసిన సినిమా ఇది. జాన్ థా ఇన్‌స్పెక్టర్ రీగన్, డెన్నిస్ వాటర్‌మన్ సార్జెంట్ కార్టర్. కథ రాయడం సులువుగానే ఉంది, పేరు దగ్గరే బండి ఆగిపోయింది. ఎంత వెతికినా అందులో స్వీనీ అనే పోలీసు కనబడడు. ఈ పేరును తెలుగులో ఏమని రాయాలి?

జవాబు:
అది మనిషి పేరైతే కదండీ కనబడడానికి! సగం తెగిన ప్రాస అది. లండన్ తూర్పు పేటల కాక్నీ జనం మాటను దాచే పద్ధతి ఒకటుంది. చెప్పదలచుకున్న మాటకు అంత్యప్రాస కుదిరే జంటపదాన్ని పట్టుకుంటారు. తరువాత ప్రాస కుదిరిన ముక్కనే వదిలేసి, మొదటి ముక్క మాత్రం పలుకుతారు. మెట్లను 'స్టెయిర్స్' అంటారు కదా, దానికి ప్రాస 'ఆపిల్స్ అండ్ పేర్స్'. కాబట్టి మెట్లెక్కేవాడు 'ఆపిల్స్' ఎక్కుతాడు. తాళం చేతికిచ్చి తాళం చెవి దాచేసినట్టు.

స్వీనీ టాడ్ 19వ శతాబ్దపు చవక కథల్లో క్షురకుడు. ఫ్లీట్ స్ట్రీట్‌లో దుకాణం. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళను చంపడం, ఆ మాంసం పక్క దుకాణంలో పిండివంటల్లోకి చేరడం అతని కథ. పోలీసులతో అతనికి చుట్టరికం ఏమీ లేదు. రీగన్ పనిచేసేది లండన్ పోలీసుల్లో దొంగల ముఠాలను పట్టే దళంలో, దాని పేరు 'ఫ్లయింగ్ స్క్వాడ్'. 'స్వీనీ టాడ్', 'ఫ్లయింగ్ స్క్వాడ్'. చివరి చప్పుడు కలిసింది, అంతే. తెలుగు లిపిలో రాసినా ఆ ప్రాస చెడలేదు, గమనించారా!

జవాబు:
అలాగైతే 'ఫ్లయింగ్ స్క్వాడ్' అని రాసేస్తే సరిపోతుందని అనకండి. ముప్పై ఏళ్ళు ఇంటర్ పాఠాలు చెప్పినవాడిని. తెలుగునాట ఆ మాట వినగానే గుర్తొచ్చేది దొంగల ముఠా కాదు, పరీక్ష గది. 'స్క్వాడ్ వచ్చింది' అని వరండాలో ఒక్క మాట వినబడితే చాలు, కిటికీల కింద తెల్లటి చీటీల వాన కురిసేది. ఒకసారి ఒక అబ్బాయి కంగారులో చీటీ నోట్లో వేసుకుని, నేను పేరు అడిగితే కళ్ళ నీళ్ళతో తల మాత్రం ఊపాడు. పైగా ఇంటర్ బోర్డులో సిట్టింగ్ స్క్వాడ్లు కూడా ఉంటాయి. ఎగిరే దళం ఒకటి, కూర్చునే దళం ఒకటి!

లండన్‌లో 1919లో ఈ దళం పుట్టినప్పుడు ఎగిరే సంగతే లేదు, గుర్రపు బండ్లలోనే తిరిగారు. బండి గుడ్డకు చిల్లులు పెట్టి లోపలి నుంచి చూసేవారట. అప్పటిదాకా డిటెక్టివులు తమ తమ డివిజన్లకు కట్టుబడి ఉండేవారు. వీళ్ళకు ఆ హద్దు లేదు, నగరమంతా తిరగవచ్చు. 'ఫ్లయింగ్'కు అసలు అర్థం అదే. 'ఎల్లలు లేని దళం' అంటే అర్థానికి దగ్గరవుతుంది కానీ, సినిమా పేరుగా చప్పగా ఉంటుంది.

జవాబు:
క్షురకుడి కథ ఉంది కదా, 'మంగలి దళం' అంటే కొంత వింతగా, ఆకర్షణగా ఉండదా?

జవాబు:
వద్దు తమ్ముడూ. లండన్‌లో 'బార్బర్' వృత్తి మాత్రమే. ఇక్కడ ఆ మాట కులం కూడా. హంతకుడి కథ మోసుకొచ్చి ఒక కులం పేరు పక్కన పెట్టినట్టవుతుంది. పైగా ప్రాస పోయాక ఆ క్షురకుడితో మనకు పనేముంది?

ఆ దళం చిహ్నంలో కిందికి దూకుతున్న గద్ద ఉంటుంది. నాకు మొదట 'గద్దలు' అని తోచింది. కానీ మన గద్ద కోడిపిల్లను తన్నుకుపోయేది. ఆ మాటలో దోపిడీ వాసన ఉంది, దొంగల వైపు వెళ్ళిపోతుంది. 'డేగ' అయితే వేటకు మచ్చిక చేసిన పక్షి, పోలీసులకు అదే నప్పుతుంది. అయినా నా ఓటు 'స్వీనీ'కే. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. ఏ పత్రికైనా 'వేటకుక్కలు' అని రాసిందా?

ప్రశ్న అడిగినవారు:
పేరు అలాగే ఉంచుతాను. మరి ఇలా మాట దాచడం తెలుగులో లేదా? పిల్లల 'క భాష' తప్ప నాకేమీ తోచలేదు.

జవాబు:
ఎందుకు లేదు? జైలుకు వెళ్ళినవాణ్ణి 'శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్ళాడు' అనడం వినలేదా? కృష్ణుడు చెరసాలలో పుట్టాడని తెలిసినవాడికే అది అందుతుంది. పంచభూతాలను వరుస సంఖ్యలతో చెప్పే చాటుపద్యం కూడా అంతే. నాలుగోదాని కొడుకు ఐదోదాని దారిన వెళ్ళి, మొదటిదాని కూతుర్ని చూసి, మూడోదాన్ని అక్కడ ఉంచి, రెండోదాన్ని దాటి వచ్చాడు. భూమి నుంచి మొదలుపెట్టి లెక్కిస్తే హనుమంతుడు లంకకు వెళ్ళివచ్చిన కథ మొత్తం అందులో ఉంది. కాక్నీవాడు మాటను చప్పుడు వెనుక దాచాడు, మనం కథ వెనుక దాచాం. మనకు ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం కదా, తోక కోసే ఆట అక్కడ సాగదు మరి.

ప్రశ్న అడిగినవారు:
ఇది భలే దొరికింది. చివరగా ఒక్క సందేహం. కార్టర్ మాటిమాటికీ రీగన్‌ను 'గవ్' అంటాడు. 'గవర్నర్'కు ముద్దుపేరు. 'సార్' అని రాయనా?

జవాబు:
మన ఠాణాల్లో ఎస్సై నుంచి ఎస్పీ దాకా అందరూ 'సార్'లే. లండన్ పోలీసులకు 'సార్' దూరపు అధికారి, 'గవ్' తనతో కలిసి తన్నులు తిన్న పై అధికారి. 'గురూ' అంటే మరీ చనువైపోతుంది. నేనైతే పైవాళ్ళ ముందు 'సార్' అనిపించి, కారులో ఇద్దరే ఉన్నప్పుడు 'గురువుగారూ' అనిపిస్తాను.

జవాబు:
కారులో 'గురువుగారూ' అంటే సంగీతం పాఠానికి వెళ్తున్నట్టు లేదూ?