యుద్ధంలో పోయిన యూదు వైమానికుడి స్మరణ: ఏ రోజు, ఏ గుర్తు?

పర్లాకిమిడి మాస్టారు
మా పిల్లల గ్రంథాలయంలో రెండో ప్రపంచ యుద్ధం మీద బోర్డులు పెడుతున్నాం. ఒకటి 21 ఏళ్ళకే పోయిన యూదు కుర్రాడిది. ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) వాలంటీర్ రిజర్వులో సార్జెంటు, లిబరేటర్ అనే బాంబరు విమానంలో వైర్‌లెస్ ఆపరేటరు. 1944లో బెంగాల్ నుంచి బర్మా మీదికి వెళ్ళిన విమానం తిరిగి రాలేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో పేరు పక్కన సింగపూర్ మెమోరియల్ అని, ఒక కాలమ్ నంబరు ఉన్నాయి. మరి సమాధి ఎక్కడ? ఏటా ఏ రోజున తలుచుకోవాలి? దండ వేసి దీపం పెట్టొచ్చా? తెలిసినవారు చెప్పండి.

బరంపురం పాతకాగితాలు
మాస్టారూ, కాలమ్ నంబరు ఉందంటే సమాధి లేనట్టే. ఈ ప్రాంతపు యుద్ధంలో శవం దొరకని కామన్వెల్త్ వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీలో చెక్కారు. అక్కడ 24,000కు పైగా పేర్లున్నాయి. కలకత్తా భవానీపూర్‌లోనో, రాంచీలోనో రాయి కోసం వెతకనక్కర్లేదు.

ముందు అతను యూదుడేనని కాగితం మీద తేల్చుకోండి. కమిషన్ సైటులో మతానికి వేరే గడి ఉండదు. సమాధి ఉన్నవాళ్ళకైతే రాతి మీద వేయాల్సిన గుర్తు హెడ్‌స్టోన్ షెడ్యూల్‌లో కనిపిస్తుంది, క్రాంజీ పేర్లకు ఆ సాక్ష్యం లేదు. ఇంటిపేరు చూసి నిర్ణయించొద్దు. మన గజపతి జిల్లాలో దావీదులు, సొలొమోనులు ఎంతమంది లేరు, వాళ్ళంతా క్రైస్తవులే కదా. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన యూదులకు చాప్లిన్లు (సైన్యంలోని మతగురువులు) రాసుకున్న కార్డులున్నాయి, యూదు మాజీ సైనికుల సంఘం ఏజెక్స్‌ను అడగండి. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: నంబరు ముందు ‘జె’ ఉంటే యూదుడని అనుకుంటారు. అది కెనడా వైమానిక దళంలో ఆఫీసరు నంబరు. ‘ఆర్’ ఉంటే ఆఫీసరు కాని కెనడా వైమానికుడు. మీ కుర్రాడి సిబ్బందిలో కెనడా వాళ్ళుంటే మంచిదే. ఆ దేశం యుద్ధంలో చనిపోయినవాళ్ళ సర్వీసు ఫైళ్ళను స్కాన్ చేసి పెట్టింది, ఆ విమానం సంగతి వాటిలో దొరకొచ్చు.

చివరి ప్రయాణం వివరాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఎయిర్ 27 వరుసలో ఉంటాయి. అవి స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు. ఫారం 540లో రోజువారీ సారాంశం, 541లో ఒక్కో విమానం సిబ్బంది, బయల్దేరిన టైము. మీకు కావలసింది 541.

రాయగడ పంచాంగం
ఆ టైము ఎందుకంత ముఖ్యమో చెప్తాను. యూదుల వర్ధంతి పేరు యార్ట్‌సైట్. మన ఆబ్దికం తిథిని బట్టి వచ్చినట్టే అదీ వాళ్ళ చాంద్రమానం ప్రకారం వస్తుంది. ఉదాహరణకి 1944 జూన్ 6 అంటే వాళ్ళ 5704వ సంవత్సరంలో సీవాన్ నెల 15. అదే తిథి 2025లో జూన్ 11న, 2026లో మే 31న పడింది.

చిక్కల్లా వాళ్ళ రోజు సూర్యాస్తమయంతో మొదలవడంలో ఉంది. బాంబర్లు చాలావరకు రాత్రిపూట వెళ్ళేవి. జూన్ 6 సాయంత్రం బయల్దేరి, పొద్దు గూకాక అర్ధరాత్రికి ముందే పోయినా తిథి 15 కాదు, 16. దానికి తోడు 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా మన గడియారాలు ఒక గంట ముందు నడిచాయి, అంటే జీఎంటీకి (గ్రీనిచ్ సమయానికి) ఆరున్నర గంటలు కలపాలి. జూన్ మొదట్లో ఇప్పటి టైము ప్రకారం దక్షిణ బెంగాల్‌లో సుమారు 6:20కి పొద్దు గూకితే, ఆనాటి గడియారంలో అది 7:20. పుస్తకంలో రాసింది జీఎంటీయా, స్థానిక సమయమా చూసి అప్పుడు తిథి తేల్చండి. కుటుంబం పాటించే రోజు తెలిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి దాన్నే పాటించండి.

అదార్ నెలలో పోయుంటే ఇంకో మెలిక. వాళ్ళ అధికమాసం ఎప్పుడూ అదారే, 19 ఏళ్ళలో ఏడుసార్లు. 1944, 45లో అధికం లేదు. 2027లో ఉంది. అలాంటి ఏడాదిలో అష్కెనాజీ శాఖ యూదులు ఎక్కువగా మొదటి అదార్‌లో, సెఫార్దీ శాఖవాళ్ళు రెండో దానిలో చేస్తారు.

జయపురం డీటీపీ
గుర్తు ఆరు కోణాల దావీదు నక్షత్రం. రెండు సమబాహు త్రిభుజాలు, ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా. పెయింటరుకు వదిలేస్తే షట్కోణ యంత్రం అనుకుని మధ్యలో ఓంకారమో బిందువో పెట్టేస్తాడు, దగ్గరుండి చూసుకోండి.

యూదుల సమాధిరాళ్ళ మీద ఐదు హీబ్రూ అక్షరాలుంటాయి: తావ్, నూన్, త్సాది, బేత్, హే. మొదటి సమూయేలు 25:29లోని జీవపు మూట మాటకు పొట్టి రూపం. కుడి నుంచి ఎడమకు ఉండాలి. పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వరస తిరగబడుతుంది, అందుకే బొమ్మగా మార్చి పెట్టండి. ‘హే’ ఎడమ కాలు పైన అంటుకోకూడదు, అంటుకుంటే ‘ఖేత్’ అయిపోతుంది. ‘బేత్’కి కింద కుడివైపు చిన్న తోక ఉండాలి, లేకుంటే ‘కాఫ్’ అని చదువుతారు. అచ్చుకిచ్చే ముందు హీబ్రూ వచ్చినవాళ్ళకి చూపించి తీరాలి.

పర్లాకిమిడి మాస్టారు
చాలా ఉపకారం చేశారు. ఇక్కడి బాప్టిస్టు సంఘం పెద్దలు వచ్చి ప్రార్థన చేస్తామంటున్నారు. కద్దిష్ అనే ప్రార్థన చదవమనొచ్చా?

బరంపురం పాతకాగితాలు
వద్దండి. కద్దిష్‌కి పదిమంది వయసొచ్చిన యూదులు కావాలి. పెద్దలు వచ్చి 23వ కీర్తన చదవొచ్చు, అది యూదుల గ్రంథంలోదే. చివర యేసు నామమున అని మాత్రం కలపొద్దని ముందే మర్యాదగా చెప్పండి, అర్థం చేసుకుంటారు. పూలదండకు బదులు గులకరాళ్ళు పెట్టడం వాళ్ళ పద్ధతి. బోర్డు కింద చిన్న పళ్ళెం ఉంచితే పిల్లలు తలొకటి పెడతారు. పేరు, హోదా, నంబరు, వయసు గట్టిగా చదవండి.

రాయగడ పంచాంగం
దీపం పెట్టొచ్చు, నూనెదైనా సరే. ఒక రాత్రి, ఒక పగలు, అంటే 24 గంటలు ఆరకుండా వెలగాలి. గాజు గ్లాసులో పెట్టి ఫ్యాను గాలికి దూరంగా ఉంచండి. ముందు రోజు సూర్యాస్తమయానికి వెలిగించాలి. ఆ సాయంత్రం శుక్రవారమైతే పొద్దు గూకక ముందే వెలిగించెయ్యాలి, శనివారమైతే చుక్కలు పొడిచేదాకా ఆగాలి, వాళ్ళ విశ్రాంతి దినమైన సబ్బాతులో నిప్పు ముట్టించరు కాబట్టి. పైన చెప్పిన 2026 మే 31 ఆదివారం. ముందు సాయంత్రం శనివారమే.