పాత డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లు కొని, రంగులేసి అమ్మడం: ఇందులో తప్పుందా, లేదా?

మియాపూర్ కోడలు:
మా మరిది వాళ్లకి మొదటి ఇల్లు వెతుకుతున్నాం. ఎండాకాలంలో ఓనరు 42 లక్షలు చెప్పిన 900 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు, లోను పేపర్లు సిద్ధమయ్యేలోపు చేతులు మారింది. ఇప్పుడు అదే ఫ్లాటు, కొత్త రంగు, ఫాల్స్ సీలింగ్‌తో 56 లక్షలంటున్నారు. అందులో ఉండే ఉద్దేశమే లేనివాళ్లు మధ్యలో దూరడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. వాళ్లు రిజిస్టర్ చేయించుకుని ఉంటే 42 లక్షల మీద 3.15 లక్షలు, మేం కొంటే 56 లక్షల మీద 4.2 లక్షలు. రెండూ చివరికి మా నెత్తినే కదా?

నిజాంపేట రీసేల్:
నేను చేసేది ఈ పనే, దాచను. నేను కొనేవి బ్యాంకు లోను రాని ఫ్లాట్లు. ఈమధ్య ఒకటి చూడండి: తండ్రి పోయారు, ముగ్గురు వారసులు, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కాలేదు, లింక్ డాక్యుమెంటు (అంతకుముందు అమ్మకపు పత్రం) పోయింది. అమెరికాలో ఉన్న కూతురి జీపీఏ (ఆమె బదులు సంతకం పెట్టే అధికార పత్రం) అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి తెప్పించాలి. జీతం మీద బతికేవాళ్లు ఇంత తిరగగలరా? రెండేళ్లలోపు అమ్మితే లాభం మీద ఆదాయపు పన్ను శ్లాబు రేటున పన్ను కూడా కడతాం.

మియాపూర్ కోడలు:
మీరు రిజిస్టర్ చేయించుకుని అమ్ముతుంటే మీతో నాకు పేచీ లేదండి. మాకు తగిలినవాళ్లు అలా కాదు. ఓనరుకు బయానా ఇచ్చి, అగ్రిమెంటులో గడువు రాయించుకుని, ఆలోపు రంగులేసి మాలాంటి వాళ్లను తెస్తారు. రిజిస్ట్రేషన్ ఓనరు నుంచి నేరుగా మాకే. ఈసీలో, అంటే ఆస్తి ఎవరి చేతులు మారిందో చూపే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, వాళ్ల పేరే ఉండదు. స్టాంపు డ్యూటీ కట్టరు. పై తేడా నగదుగా అడుగుతారు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. పైగా కాగితం మీద లేని డబ్బుకు బ్యాంకు హోమ్ లోను ఇవ్వదు. మా మరిది దానికోసం పర్సనల్ లోను తీసుకోవాలా? సొంతింటి కల అని మొదలుపెట్టినవాళ్లు మొదటి నెలే రెండు ఈఎంఐలు కట్టాలి.

సైట్ ఇంజనీర్:
ధర సంగతి మీరు తేల్చుకోండి. నాకు భయం ఆ ఫాల్స్ సీలింగ్ గురించి. పాత అపార్టుమెంట్లలో పై ఫ్లాటు బాత్రూమ్ లీకైతే కింద స్లాబులో కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. దాన్ని చెక్కి, కమ్మీ శుభ్రం చేసి, లీకు ఆపి పూడ్చాలి. చాలామంది జిప్సమ్ బోర్డు కొట్టి మూసేస్తారు. లైటు కోసం వదిలిన రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేసి చూడండి. బాత్రూమ్ గోడకు ఆనుకున్న వార్డ్‌రోబ్‌లో లోపలి మూల చేత్తో తడమండి, అక్కడ పుట్టీ పెట్టడం మర్చిపోతారు. వీలైతే వానాకాలంలో చూడండి. ఇంకోటి, డాక్యుమెంటులో యూడీఎస్ (అపార్టుమెంటు స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే వాటా) ఎన్ని గజాలో చదవండి. పాత ఫ్లాటు విలువ ఎక్కువగా ఆ భూమి వాటాలోనే ఉంటుంది. ఎన్ని రంగులేసినా అది ఒక్క గజం పెరగదు.

నిజాంపేట రీసేల్:
అగ్రిమెంటు మీద తిప్పేవాళ్లను నేనూ సమర్థించను. నా దగ్గర పైపులు, వైరింగు బిల్లులన్నీ ఉంటాయి, కొనేవాళ్లకు చూపిస్తాను. నాకెంత మిగిలిందో మాత్రం చెప్పను.

మియాపూర్ కోడలు:
మీ లాభం అడగడం లేదండి. రంగు వేయకముందు తీసిన స్లాబు ఫోటోలు ఉంటే, అవి చూపించండి చాలు.