వ్యభిచారాన్ని చట్టబద్ధం చేసి పన్ను వేయాలా?

ప్రభాకర్:
సూటిగా అడుగుతున్నాను. పడుపు వృత్తిని ఏ ప్రభుత్వమూ ఏ కాలంలోనూ ఆపలేకపోయింది. నిషేధిస్తే ఆగదు, చాటుకు వెళ్తుంది. చాటున జరిగే వ్యాపారంలో లాభం దళారులకు, మామూళ్లు పోలీసులకు, జబ్బులూ దెబ్బలూ ఆ స్త్రీలకు. అలాంటప్పుడు చట్టబద్ధం చేసి, లైసెన్సులు ఇచ్చి, వైద్య పరీక్షలు తప్పనిసరి చేసి, అందరిలాగే పన్ను కట్టించుకుంటే తప్పేముంది? నెదర్లాండ్స్ 2000లో వ్యభిచార గృహాల మీద నిషేధం ఎత్తేసింది. జర్మనీ 2002లో చట్టం తెచ్చి, డబ్బు ఎగ్గొట్టిన విటుడి మీద కోర్టుకు వెళ్లే హక్కు ఇచ్చింది, ఆరోగ్య బీమాలో, పింఛను పథకాల్లో చేరే వీలు కల్పించింది. వచ్చిన పన్నుతో ఆ స్త్రీల పిల్లలనే చదివించవచ్చు. మద్యం విషయంలో ప్రభుత్వాలు చేస్తున్నది ఇదే కదా.

శారద:
ప్రభాకర్ గారూ, మద్యంతో పోల్చారే, అక్కడే నాకు అభ్యంతరం. సీసాకు నొప్పి తెలియదు. ఇల్లు గడవక, అప్పు తీరక, వెనక ఎవడో బెదిరిస్తుంటే ఒక మనిషి అన్న "సరే"ని వ్యాపార ఒప్పందం అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకో దారి ఉంది. స్వీడన్‌లో 1999 జనవరి 1 నుంచి అమ్ముకునే మనిషి మీద కేసు ఉండదు, కొనేవాడి మీద ఉంటుంది. నార్వే, ఐస్‌లాండ్ 2009లో, ఫ్రాన్స్ 2016లో అదే బాట పట్టాయి. ఫ్రాన్స్ చట్టం మీద ఆ వృత్తిలో ఉన్నవాళ్లే ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. అది వాళ్ల హక్కులను ఉల్లంఘించడం లేదని 2024 జులైలో తీర్పు వచ్చింది.

మీరు చెప్పిన దారి వల్ల ఏమవుతుందో కూడా చూడాలి. చో, డ్రేహర్, నాయ్‌మయర్ అనే ముగ్గురు పరిశోధకులు 150 దాకా దేశాల వివరాలు పోల్చి చూసి, వ్యభిచారం చట్టబద్ధమైన దేశాలకు మనుషుల అక్రమ రవాణా సగటున ఎక్కువగా జరుగుతోందని 2013లో రాశారు. గిరాకీ పెరిగితే ఎక్కడినుంచో ఆడపిల్లలను తేవాలి. ఎక్కడినుంచి తెస్తారో మనందరికీ తెలుసు: తిండికి లేని ఇళ్ల నుంచి.

రవికిరణ్:
పన్ను గురించి మాత్రం ఒక మాట. జర్మనీలోని బాన్ నగరం 2011లో వీధిలో నిలబడే స్త్రీల కోసం పార్కింగ్ టికెట్ మిషన్ లాంటిది పెట్టింది. రాత్రికి 6 యూరోలు. బేరం తగిలినా తగలకపోయినా కట్టాల్సిందే. ఆదాయం ఉంటే ఆదాయపు పన్ను అడగండి, కాదనను. కానీ ఇది నిలబడినందుకు కట్టిన డబ్బు. ఒక్క రూపాయి సంపాదించకుండా ఇంటికి వెళ్లిన మనిషి కూడా ఖజానాకు బాకీ పడింది. అలాంటి రాబడికి అలవాటు పడిన ఏ ఆఫీసైనా, ఆ స్త్రీలు ఈ పని మానేయాలని నిజంగా కోరుకుంటుందా?

లలిత:
నేను లైంగిక వ్యాధుల క్లినిక్‌లో పదకొండేళ్లు కౌన్సెలర్‌గా చేశాను. ఒకసారి ఒకావిడ మణికట్టు వాచిపోయి వచ్చింది. చూస్తేనే తెలుస్తోంది, ఎవరో మెలిపెట్టారు. పోలీసు కంప్లైంట్ ఇద్దామా, నేను తోడు వస్తాను అన్నాను. ఆవిడ కొట్టినవాడి గురించి ఏమీ అడగలేదు. "అందులో నా పని ఏమని రాస్తారమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కట్టు కట్టించుకుని వెళ్లిపోయింది.

అందుకే ప్రభాకర్ గారూ, మీరు చెప్పిన లైసెన్సు, రిజిస్టర్ అనే మాటలు వింటే నాకు టెన్షన్ వస్తుంది. చట్టబద్ధం చేయడం వేరు, నేరం కాకుండా చేయడం వేరు. మొదటిదాంట్లో ప్రభుత్వం "మా షరతుల ప్రకారం చేస్తేనే ఒప్పు, లేకపోతే తప్పు" అంటుంది. రెండోదాంట్లో ఆ పని చేసిన మనిషిని జైలుకు పంపే సెక్షన్లను ఎత్తేస్తుంది, మిగతా ఉద్యోగులకున్న చట్టాలే వర్తిస్తాయి.

జర్మనీనే తీసుకోండి. 2002 చట్టం చాలలేదని 2017లో ఇంకో చట్టం తెచ్చి, ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేసుకోవాలన్నారు. 2023 చివరికి నమోదైనవాళ్లు దాదాపు 30 వేలు. ఆ పనిలో ఉన్నవాళ్లు అసలు ఎందరన్నదానిపై రకరకాల అంచనాలున్నా, ఇంతకు ఎన్నో రెట్లు ఉంటారని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మిగతావాళ్లు ఎందుకు రాలేదు? ఏదో ఒక రోజు ఈ పని మానేసి, పెళ్లి చేసుకునో, ఇంకో ఉద్యోగంలో చేరో బతకాలనుకునే మనిషి, తన పేరు ప్రభుత్వ కాగితం మీద ఈ పని పక్కన ఎందుకు రాయించుకుంటుంది? దాంతో నిబంధనలు తెచ్చిన తర్వాత రెండు వర్గాలు తయారయ్యాయి. కార్డు ఉన్నవాళ్లు, కార్డు లేక మళ్లీ చాటుకు పోయినవాళ్లు. ఎక్కువ దెబ్బలు తినేది రెండోవాళ్లే.

తప్పనిసరి వైద్య పరీక్షల కథ ఇంకా పాతది. సైనికులకు జబ్బులు రాకుండా అని బ్రిటన్ 1864లో ఒక చట్టం చేసింది. సైనిక పట్టణాల్లో పోలీసుకు అనుమానం వస్తే చాలు, ఆడమనిషిని బలవంతంగా పరీక్షకు పంపవచ్చు. ఆ చట్టంలో మగవాళ్లకు పరీక్ష లేదు. జోసెఫీన్ బట్లర్ నాయకత్వంలో స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడితే 1886లో రద్దయింది. ఈ రోజుకీ "పరీక్ష తప్పనిసరి" అన్నప్పుడు ఎవరికి అని అడగండి. క్లినిక్‌లో నేను చూసినంతవరకు, బెదిరించకుండా, పేరు అడగకుండా పరీక్ష చేస్తే వాళ్లే వస్తారు, స్నేహితురాలిని కూడా వెంటబెట్టుకొస్తారు.

ప్రభాకర్:
లలిత గారూ, రిజిస్టర్ విషయం నేను ఇలా ఆలోచించలేదు. అది వెనక్కి తీసుకుంటున్నాను. అయితే వ్యాపారం నడిపే యజమానుల సంగతేమిటి? వాళ్లను కూడా అలా వదిలేస్తామా? మైనర్ల మాటేమిటి?

లలిత:
వదలకూడదు. ఈ పనిని నేరం కాకుండా చేస్తూ న్యూజీలాండ్ 2003లో చేసిన చట్టం చూడండి. పార్లమెంటులో 60-59 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. అక్కడ సర్టిఫికెట్ తీసుకోవాల్సింది యజమాని, పని చేసే స్త్రీ కాదు. నలుగురి దాకా కలిసి, పైన యజమాని లేకుండా, ఎవరి సంపాదన వాళ్లు చూసుకుంటూ పనిచేసుకుంటే ఆ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. 18 ఏళ్లలోపు వాళ్లను కొంటే జైలు. బలవంతపెట్టినవాడికి 14 ఏళ్ల దాకా శిక్ష. ఒప్పుకున్న తర్వాత కూడా, ఆఖరి నిమిషంలో "వద్దు" అనే హక్కు చట్టంలోనే రాసి ఉంది. 2008లో అక్కడి సమీక్షా కమిటీ నివేదిక ఇచ్చేనాటికి, సర్వేలో మాట్లాడినవాళ్లలో 60 శాతానికి పైగా ఇప్పుడు కస్టమర్‌ను కాదనగలుగుతున్నామన్నారు. 2014లో ఒక స్త్రీ తన యజమాని లైంగికంగా వేధించాడని అక్కడి మానవ హక్కుల ట్రైబ్యునల్‌కు వెళ్లి, 25,000 న్యూజీలాండ్ డాలర్ల పరిహారం గెలిచింది. "ఈ పని చేసేదానికి వేధింపేమిటి" అని ఆమెను వెనక్కి పంపలేదు.

నా దగ్గరికొచ్చిన ఆవిడ ప్రశ్నకు ఇదే జవాబు అనుకుంటాను. అసలు పనే రాసుకోవచ్చు, అందులో నేరం లేదు కాబట్టి.

శారద:
న్యూజీలాండ్ చట్టంలో ఒక పెద్ద కంత ఉంది, అది కూడా చెప్పండి లలిత గారూ. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు ఈ పని చేయకూడదు. చేస్తే దేశం నుంచి పంపేస్తారు. మోసపోయి వచ్చిన అమ్మాయి పోలీసుల దగ్గరికి ఎలా వెళ్తుంది? మనం అందరికన్నా ముందు కాపాడాల్సింది ఆమెనే కదా.

లలిత:
నిజమే. ఆ నిబంధన తప్పు, అక్కడి సెక్స్ వర్కర్ల సంఘం కూడా దాన్ని తీసేయమని అడుగుతోంది. కానీ మీరు మెచ్చుకున్న నార్వేలో ఏం జరిగిందో కూడా చూడాలి. అక్కడ ఇల్లు అద్దెకిచ్చిన యజమానుల మీద దళారీ కేసు పెడతామని పోలీసులు బెదిరించి, ఆ స్త్రీలను ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ చర్యకు పోలీసులు పెట్టుకున్న పేరే "ఆపరేషన్ హోమ్‌లెస్". మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో దీనిమీద నివేదిక ఇచ్చింది. కొనేవాడికి భయం పెడితే, వాడు చీకటి సందుకు రమ్మంటాడు. కారు ఎక్కే ముందు వాడు ఎలాంటివాడో చూసుకునే ఆ కాస్త టైమ్ కూడా ఆమెకు మిగలదు.

రవికిరణ్:
మానేద్దామనుకునేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

లలిత:
న్యూజీలాండ్ చట్టంలో దానికీ ఒక సెక్షన్ ఉంది. "ఈ పని దొరుకుతుంది కదా, ఎందుకు చేయవు" అని ఎవరికీ ప్రభుత్వ భృతి ఆపకూడదు, మానేసినందుకు కోత పెట్టకూడదు. పన్ను లెక్కల కన్నా నాకు ఇలాంటి రెండు వాక్యాలే ముఖ్యం. దానితో పాటు పాత కేసులు కొట్టేయాలి. ఇంకో ఉద్యోగానికి వెళ్లినప్పుడు అడ్డం పడేది ఆ కేసే.

శారద:
పాత కేసులు కొట్టేయడం, భృతి ఆపకపోవడం, రిజిస్టర్ వద్దనడం, ఈ మూడింట్లో నేను మీతోనే ఉన్నాను. కొనేవాడిని మాత్రం వదలలేను లలిత గారూ. మణికట్టు మెలిపెట్టింది వాడే.