కొండ ఊళ్ల చీకటి నేర నవలలు: ఏది చదవమంటారు?

పుస్తకప్రియ77: డిటెక్టివ్ పజిల్ వద్దు. కొండ పల్లెల్లో నడిచే, చదివాక నిద్ర పట్టని నేర నవలలు చెప్పండి. ఇంగ్లిష్‌వైనా సరే.

రాత్రిబండి: డేనియల్ వుడ్రెల్ ‘వింటర్స్ బోన్’ (2006). అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, ఓజార్క్స్ కొండలు. మెత్ అనే మత్తుమందు వండే తండ్రి ఇల్లూ పొలమూ బెయిల్‌కి పూచీకత్తుగా పెట్టి మాయమవుతాడు. పదహారేళ్ల కూతురు రీ అతన్ని వెతకాలి, లేదంటే ఇల్లు పోతుంది. చుట్టూ ఉన్నదంతా చుట్టాలే, ఒక్కడూ నోరు విప్పడు.

సర్వేరాయుడు: ఓజార్క్స్ కొండలు కావు, నదులు కోసిన పీఠభూమి. ఎక్కడా 2,600 అడుగులు దాటదు. మన తిరుమల అంతకంటే ఎత్తు. కొండలు కావాలంటే అమెరికా తూర్పు వైపున్న అప్పలాచియా కొండ ప్రాంతం. రాన్ రాష్ ‘సెరీనా’ (2008) చదవండి. 1929, నార్త్ కరోలినా, కలప నరికించే భార్యాభర్తలు. అడ్డొచ్చిన మనిషినీ చెట్టునీ ఒకేలా చూస్తారు.

రాత్రిబండి: నవల అడిగితే టేపు పట్టుకొచ్చారు.

సర్వేరాయుడు: ప్రశ్నలో ‘కొండ’ అని ఉంది. నేనేం చేయను?

నాక్స్‌విల్ బాబాయ్: కోర్మాక్ మెకార్తీ ‘చైల్డ్ ఆఫ్ గాడ్’ (1973). కథంతా టెన్నెసీలోని సెవియర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి పులిహోర కట్టుకుని వెళ్లే గ్యాట్లిన్‌బర్గ్ ఆ కౌంటీలోదే. గుహలో శవాలు దాచుకునే మనిషి కథ. భోజనానికి ముందు వద్దు.

పాడేరు కాఫీ: మెత్, హత్యలు, శవాలు. కొండల్లో మీకు ఇంకేం కనిపించవా?

రాత్రిబండి: వుడ్రెల్ మిస్సోరీలోనే పుట్టాడండీ. బయటి నుంచి వచ్చి బురద జల్లలేదు.

పాడేరు కాఫీ: రచయిత ఊరు నేనడగలేదు. హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగంలో ఊరి పేరు చెప్పగానే టీమ్ లీడర్ “సరుకు తెచ్చావా?” అన్నాడు. అందరూ నవ్వారు. మా నాన్న కాఫీ, మిరియాలు పండిస్తాడు.

సర్వేరాయుడు: అయితే ఏజెన్సీలో గంజాయి లేదంటారా?

పాడేరు కాఫీ: ఉంది. డబ్బు పెట్టేది ఎవరు, కొనేది ఎవరు? చెక్‌పోస్టు దగ్గర దొరికేది మాత్రం మోసే కుర్రాడు. అది కూడా పీఠభూమేనేమో, కొలిచి చెప్పండి.

రాత్రిబండి: మీ బాధకి ఈ పుస్తకాలకీ సంబంధం ఏమిటి? మీకు నవల వద్దు, టూరిజం బ్రోచర్ కావాలి.

పాడేరు కాఫీ: మీరు ఏసీ గదిలో కూర్చుని చదువుకునే చీకటి మా మెడకి బోర్డులా తగులుకుంటుంది. సంబంధం అదే.

లక్ష్మీ_ఎం: వామ్మో. నేను ‘వింటర్స్ బోన్’ సినిమా ఒక్కటే చూశాను 😬

రాత్రిబండి: ఏసీ గదా? మాది సీమ. ఊరు చెప్తే “బాంబులున్నాయా?” అని నన్నూ అడిగారు. మా పెద్దనాన్నని పట్టపగలు చంపారు. సినిమావాళ్లు సుమోలు గాల్లోకి లేపారు తప్ప, ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో రాసినవాడు నాకు దొరకలేదు. వుడ్రెల్ రాసింది అదే. చుట్టాలే చంపితే ఇంట్లో ఎలా ఉంటుందో అన్నది. దాన్ని కూడా పరువు కోసం దాచమంటారా?

పాడేరు కాఫీ: దాచమనలేదు. మీవాళ్ల చావు గురించి మీరు చదువుకోవడం వేరు. ఇక్కడ అడిగింది ‘నిద్ర పట్టని’ పుస్తకం. ఇంకొకరి ఊరు మీకు థ్రిల్ ఎందుకు కావాలి?

పుస్తకప్రియ77: నేను మామూలుగా అడిగానండీ బాబూ.

నాక్స్‌విల్ బాబాయ్: క్రిస్ ఆఫట్ ‘ది కిల్లింగ్ హిల్స్’ (2021) చూడమ్మా. కెంటకీ కొండల్లో పెరిగినవాడు. అడవిలో మందుకి వాడే జిన్సెంగ్ వేర్ల కోసం వెళ్లిన ముసలాయనకి శవం కనిపిస్తుంది. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఒక ఆడమనిషి, ఆమె తోడబుట్టినవాడు మిలిటరీ డిటెక్టివ్. ఊరంటే ఆఫట్‌కి భయమూ లేదు, మోజూ లేదు.

పాడేరు కాఫీ: ఇది చూస్తాను బాబాయ్.

రాత్రిబండి: వుడ్రెల్‌ని మాత్రం చదవకుండానే తిడతారు.

పాడేరు కాఫీ: చదివాను. రీ తమ్ముళ్లకి తుపాకి పట్టుకోవడం నేర్పే చోటు రెండుసార్లు చదివాను. మీరు నవల పరిచయం చేస్తూ మొదట చెప్పింది మెత్ గురించి.