నాన్న ల్యాప్‌టాప్‌ని ఇక్కణ్నుంచే చూడాలంటే ఏది బెటర్?

నేను మియాపూర్‌లో, అమ్మానాన్న వనస్థలిపురంలో. ప్రింటర్ రావట్లేదంటే ఎల్బీనగర్ దాకా మెట్రో, అక్కణ్నుంచి ఆటో, తీరా వెళ్తే ఒక్క క్లిక్ పని. ఫోన్‌లో చెబుదామంటే "స్క్రీన్ మీద ఏం వచ్చింది నాన్నా" అని అడిగేలోపే "ఏదో వచ్చిందిరా, ఇంటూ నొక్కేశా" అంటారు. విండోస్ 10. ఆయన చేయాల్సింది తక్కువుండాలి, ఫ్రీగా ఉండాలి.

చార్మినార్‌చాయ్:
క్విక్ అసిస్ట్ వాడు బ్రో, మైక్రోసాఫ్ట్‌దే. సిస్టమ్‌లో లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే ఓపెన్ అవుతుంది. లాగిన్ నీకే కావాలి, నాన్నగారికి అక్కర్లేదు. నీకు వచ్చిన కోడ్ ఫోన్‌లో చెప్తే ఆయన కొట్టాలి, అయితే పది నిమిషాల్లో ఎక్స్‌పైర్ అయిపోతుంది కాబట్టి ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాకే కోడ్ తీయి. ఇంకోటి, ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పర్మిషన్ అడిగే బాక్స్ వస్తే నీ వైపు స్క్రీన్ నల్లగా అయిపోతుంది. కనెక్షన్ పోయిందని కట్ చేయకు, అక్కడ ఎస్ నొక్కాల్సింది ఆయనే.

మలక్‌పేట_మీనా:
కోడ్ గోల వద్దంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. ఈసారి వెళ్లినప్పుడు మీ గూగుల్ అకౌంట్‌తో సెట్ చేసి కనీసం ఆరంకెల పిన్ పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే చాలు, స్లీప్‌లోకి వెళ్తే మాత్రం దొరకదు.

పాతకీబోర్డు:
పెద్దవాళ్ల సిస్టమ్‌లో ఎప్పుడూ తెరిచి ఉండే దారి నాకైతే నచ్చదు. మా బాబాయికి బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయించాడు, పిన్ని చూసి వైఫై ఆపేసింది కాబట్టి సరిపోయింది. ఎనీడెస్క్ అనే ఇలాంటి యాప్‌తోనే డబ్బు లాగేస్తున్నారని ఆర్‌బీఐ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తప్పు కాదు, కోడ్ అడిగేది ఎవరన్నదే. నాన్నగారికి ఒకటే చెప్పండి: ఆయన మీకు ఫోన్ చేస్తేనే కనెక్షన్, అటు నుంచి ఎవరు చేసినా, మీ పేరు చెప్పినా సరే, పెట్టేసి మీ నంబర్‌కి తిరిగి చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అడిగినవాడు:
క్విక్ అసిస్టే పెట్టా. ప్రింటర్‌కి "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" టిక్ పడి ఉంది, అంతే. మౌస్ దానంతటదే తిరుగుతుంటే నాన్న కాసేపు హడలిపోయారు.

చార్మినార్‌చాయ్:
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, ఆ సంగతి కూడా చూడు.