కన్సల్టింగ్ ఫర్మ్‌ల జాబ్ వచ్చింది, పోవాల్నా వద్దా?

ఓరుగల్లు పోరడు:
అన్నలు అక్కలు, నాది హన్మకొండ, మడికొండ ఐటీ పార్కుల చేస్తున్న, ఇంటికెల్లి బండి మీద ఇరవై నిమిషాలు. ఇప్పుడు గచ్చిబౌలిల ఒక పెద్ద కన్సల్టింగ్ ఫర్మ్ నుంచి ఆఫర్ వచ్చింది, జీతం దాదాపు డబుల్. బాపు పొమ్మంటుండు, అమ్మ మొఖం ముడుచుకుంది. చేసినోళ్లు జర చెప్పుండ్రి.

పద్మాక్షి గుట్ట:
తమ్మీ, ఆ డబుల్‌ను గంటలతోని భాగించి చూడు ముందు. నేను ఆరేండ్లు యూఎస్ టాక్స్‌ల చేసిన. మార్చి 15కు పార్ట్‌నర్‌షిప్ రిటర్న్‌లు, ఏప్రిల్ 15కు కంపెనీలవి, అప్పటికి కానియి ఎక్స్‌టెన్షన్ (గడువు పెంచుమని) పెడితే సెప్టెంబర్ 15, అక్టోబర్ 15. ఇగ బతుకమ్మ, దసరా అండ్లనే పాయె. ఒక ఏడు సద్దుల నాడు మా చెల్లె గుట్ట కాడికెల్లి వీడియో కాల్ చేసి బతుకమ్మలు చూపిస్తుంటే నేను ఇంకో స్క్రీన్‌ల రివ్యూ నోట్స్ (పైనోళ్లు చూపిన తప్పులు) క్లియర్ చేసుకుంట "ఆఁ మంచిగున్నయే" అంటున్న, అసలు చూస్తనే లేను.
అయితే అబద్ధం ఎందుకు, పని నేర్చుకున్నది గూడ ఆడనే. నేను రాసిన మెయిల్‌ను మా మేనేజర్ నాలుగు సార్లు వాపస్ పంపేది, ఏడుపొచ్చేది, ఇప్పుడు ఏ క్లయింట్‌తోనైనా భయం లేకుంట మాట్లాడుత.

టైంషీట్ బాధితుడు:
అక్క చెప్పింది కరెక్టే గని బెంచ్ సంగతి, అంటే ప్రాజెక్ట్ లేకుంట ఖాళీగ ఉండుడు, చెప్పలే. వారంల 40 గంటలకు 32 క్లయింట్ పని ఉంటే యుటిలైజేషన్ 80 శాతం, అప్రైజల్ల అదే చూస్తరు. నేను రెండు నెలలు బెంచ్ మీదున్న, పొద్దుగాల లేస్తే "అన్నా ఏమన్న ప్రాజెక్ట్ ఉందా" అని మెసేజ్‌లు పెట్టుడే పని. పనున్నప్పుడేమో వారంల 55 గంటలు చేసిన గని ప్రాజెక్ట్ బడ్జెట్ దాటుతదని టైంషీట్ల 45 రాయమన్నరు. గా పది గంటలు ఎవలి ఖాతాల పోయినయో.

ఉప్పల్ బస్సు:
ఫర్మ్ పేరు చూడకు బ్రో, టీం ఏందో అడుగు. ఒకే బిల్డింగ్‌ల ఒకడు ఆరింటికి పోతడు, ఒకడు అమెరికా కాల్స్‌తోని రాత్రి పదకొండు దాకుంటడు. నేనైతే శుక్రవారం ఉప్పల్ల బస్సెక్కి ఇంటికొస్త, మూడేండ్లాయె, బాధేం లేదు.

ఓరుగల్లు పోరడు:
లెటర్ల రిస్క్ అడ్వైజరీ అని ఉందన్నా.

ఉప్పల్ బస్సు:
అయితే ట్రావెల్ ఎంతనో అడుగు, అండ్ల ఇంటర్నల్ ఆడిట్ (కంపెనీ లోపలి లెక్కలు, పద్ధతులు చెక్ చేసుడు) పని పడితే ఫ్యాక్టరీలు, గోడౌన్‌లు తిప్పుతరు. నేను ఎండకాలం గోడౌన్ల నిలబడి సిమెంట్ బస్తాలు లెక్కపెట్టిన, ఎంబీఏ చేసి.

ఓరుగల్లు పోరడు:
😂 అమ్మకు ఇది చెప్పను. రేపు హెచ్ఆర్‌కు ఫోన్ చేసి ట్రావెల్, షిఫ్ట్ రెండూ అడుగుత.