టెక్సాస్‌లో హెచ్1బీ మీద ఉన్న తమ్ముడు గన్ కొంటానంటున్నాడు, కొనొచ్చా?

అంబాజీపేట కొబ్బరి:
నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరి వ్యాపారం. మా తమ్ముడు డల్లాస్ పక్కన ఉంటాడు, ఆరేళ్ళ నుంచి హెచ్1బీ, అంటే ఉద్యోగ వీసా. మరదలు ఆ వీసా ఉన్నవాళ్ళ భార్యకిచ్చే హెచ్4 మీద ఉంది, పాపకి నాలుగేళ్ళు. పోయిన నెల వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు కార్ల అద్దాలు పగలగొట్టారట. వీడికేమో రాత్రిళ్ళు ఆఫీసు పని, అక్కడ మరదలికి నిద్ర లేదు, ఇక్కడ మా అమ్మకి నిద్ర లేదు. మొన్న ఫోన్‌లో "అన్నయ్యా, పిస్టల్ ఒకటి కొనేస్తా, టెక్సాస్‌లో లైసెన్స్ కూడా అక్కర్లేదు, 2021 నుంచి ఎవరైనా నడుముకి పెట్టుకు తిరగొచ్చు" అన్నాడు. గ్రీన్ కార్డు ఉన్న ఫ్రెండ్ ఒకాయన "నీ వీసా మీద షాపులో అడుగుతారు, నా పేరు మీద కొని ఇస్తా, డబ్బులు నువ్వు ఇచ్చెయ్" అన్నాడట. ఇది వినగానే నాకు గుండెల్లో రాయి పడింది. మన దగ్గర తుపాకీ అంటే కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగాలి, అక్కడ అంత తేలికా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, వాడికి పంపిస్తాను. నేను చెప్తే వినడు, అక్కడుండేవాళ్ళు చెప్తే వింటాడు.

పాలకొల్లు టు డల్లాస్:
అన్నగారూ, ముందు తమ్ముడికి ఫోన్ చేసి ఆ ఫ్రెండ్ దగ్గర ఏమీ తీసుకోవద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. నేను పద్నాలుగేళ్ళుగా ఇక్కడున్నాను, అందులో తొమ్మిదేళ్ళు హెచ్1బీయే.

తమ్ముడు చెప్పింది సగం నిజం. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళు పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు. కానీ అసలు గన్ దగ్గర ఉంచుకునే హక్కు ఉన్నవాళ్ళకే అది వర్తిస్తుంది. ఆ హక్కు ఎవరికి లేదో చెప్పేది టెక్సాస్ కాదు, ఫెడరల్ చట్టం, అంటే అమెరికా అంతటికీ ఒకటే చట్టం. హెచ్1బీ, హెచ్4, చదువుకి వచ్చే ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెప్తుంది. రాష్ట్రం ఎంత వదులుగా ఉన్నా దీన్ని సడలించడానికి వీల్లేదు. ఆ నేరానికి 15 ఏళ్ళ దాకా జైలు, 2022కి ముందు 10 ఏళ్ళు ఉండేది. శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి కూడా అదే కారణం అవుతుంది.

ఒక మినహాయింపు ఉంది, మన కుర్రాళ్ళంతా వాట్సాప్‌లో చెప్పుకునేది అదే, హంటింగ్ లైసెన్స్. వేట లైసెన్స్ చేతిలో ఉంటే నాన్ ఇమిగ్రెంట్ కూడా గన్ కొనొచ్చు, షాపులో ఫారం నింపేటప్పుడు అది చూపించాలి. టెక్సాస్‌లో రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లు, వాల్‌మార్ట్‌లో కూడా అమ్ముతారు. అందుకే అంత తేలిక అనుకుంటారు. కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. మర్చిపోయి రెన్యూ చేయకపోతే సెప్టెంబరు 1 పొద్దున్న బీరువాలో ఉన్న అదే గన్ ఫెడరల్ నేరం. మనిషి మారలేదు, ఇల్లు మారలేదు, తారీఖు మారిందంతే. కరెంటు బిల్లు తారీఖే గుర్తుండదు మనకి.

ఇంక ఆ ఫ్రెండ్ చెప్పింది, వేరేవాళ్ళ కోసం తన పేరు మీద కొని ఇవ్వడం, అదొక పెద్ద నేరం. ఫారంలో మొదట్లోనే "అసలు కొనుగోలుదారు మీరేనా" అని అడుగుతారు, అక్కడ అవునని రాస్తే అబద్ధం రాసినట్టు. 2022లో దీనికి ప్రత్యేకంగా చట్టం చేశారు, ఇదీ 15 ఏళ్ళ దాకా. ఇద్దరూ మునుగుతారు, ఆ ఫ్రెండ్ గ్రీన్ కార్డు కూడా పోవచ్చు.

నర్సాపురం లంక:
అమెరికా సంగతి నాకు తెలీదు గానీ ఇక్కడి మాట ఒకటి. మా తాతగారికి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది, లంకలో పొలం కాపలాకి. మనకి ఆంధ్రాకి ఒకటి తెలంగాణకి ఒకటి అని చట్టాలు లేవు, 1959 ఆయుధాల చట్టమే దేశమంతా. పోలీసు రిపోర్టు చూసి లైసెన్స్ ఇచ్చేది కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు అయింది. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దొరికినా తక్కువలో తక్కువ రెండేళ్ళు.

ఎలక్షన్ వచ్చిందంటే తాతగారు దాన్ని పాత పంచెలో చుట్టుకుని అప్పగించడానికి స్టేషన్‌కి తీసుకెళ్ళేవారు, నేను వెనకాల సైకిల్ మీద. రైటర్ గారు తూటాలు ఒక్కొక్కటీ బల్ల మీద నిలబెట్టి లెక్కపెట్టేవారు. అట్ట తూటాలు కదా, వానాకాలం చెమ్మకి ఉబ్బిపోయి గొట్టంలోకి దూరేవి కావు, మా నాయనమ్మ వాటిని ఊక పోసిన డబ్బాలో దాచేది. ఒకసారి ఒకటి తక్కువొచ్చింది, రెండు రోజులు ఇల్లంతా వెతికాం, చివరికి గాదె కింద దొరికింది, ఆ రెండు రోజులూ తాతగారు అన్నం ముట్టలేదు. ఆయన పోయాక వారసుడిగా లైసెన్స్‌కి పెట్టుకోవచ్చని స్టేషన్‌లో చెప్పారు, మా నాన్నగారే వద్దని అక్కడే అప్పగించేశారు. ఆ తుపాకీతో ఒక్క దొంగని కూడా బెదిరించింది లేదండి, దాన్ని కాపలా కాయడమే మాకు పని అయింది.

అంబాజీపేట కొబ్బరి:
పాలకొల్లు బాబాయ్, మీరు రాసింది అక్షరం పొల్లు పోకుండా వాడికి పంపాను. చదివి "మరి హంటింగ్ లైసెన్స్ తీసుకుంటా, తారీఖు ఫోన్‌లో అలారం పెట్టుకుంటా" అంటున్నాడు. ఇప్పుడేం చెప్పాలి?

రాజోలు ఆడపడుచు:
అన్నయ్యగారూ, నేను హ్యూస్టన్‌లో ఉంటాను, ఏడేళ్ళు హెచ్4 మీదే ఉన్నాను కాబట్టి మీ మరదలి భయం నాకు తెలుసు. తమ్ముడిని ఒకటి అడగండి. లైసెన్స్ అతని పేరు మీద ఉంటే మినహాయింపు అతనికే, ఆవిడకి రాదు. ఆయన ఆఫీసు పనిలో ఉన్నప్పుడు ఆ గన్ ఎవరి చేతికి అందుతుంది? ఆవిడకే. భయం ఆవిడది, ఆవిడ దాన్ని ముట్టుకుంటే ఆవిడ మీద కేసు. మరి ఎవరి కోసం కొంటున్నట్టు?

ఇంక పాప. పదిహేడేళ్ళలోపు పిల్లలకి తూటా ఉన్న గన్ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అదీ నేరమే. పాప ముట్టుకోకుండా తాళం వేసి, తూటాలు వేరేచోట పెడితే అర్ధరాత్రి చప్పుడైనప్పుడు దాన్ని తీసేదెప్పుడు, నింపేదెప్పుడు? నాలుగేళ్ళ పిల్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, మా చిన్నాడు ఆ వయసులో కుర్చీ మీద కుర్చీ వేసి పై అరలో బెల్లం డబ్బా దించేశాడు.

మేం చేసింది చెప్తాను. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి పార్కింగ్‌లో ఆరిపోయిన లైట్లు వేయించాం, ఫోన్‌లో చెప్తే పట్టించుకోలేదు, రాతలో పెడితే నాలుగు రోజుల్లో వచ్చారు. తలుపు పిడి కింద అడ్డుపెట్టే ఇనప కడ్డీ కొన్నాం, తలుపుకి కెమెరా. లీజు అయ్యాక పై అంతస్తుకి మారాం. ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే ముందు అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబరు చెప్పాలని కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాను, ఎందుకంటే కంగారులో సొంత ఇంటి నంబరు కూడా నోటికి రాదు. ఆవిడ నాతో మాట్లాడతానంటే మెసేజ్ పెట్టమనండి.

యానాం వంతెన:
ఒక్కటే కలుపుతాను. నేను న్యూజెర్సీలో ఉంటాను. పుదుచ్చేరి కిందికొచ్చే యానాంలో దర్జాగా కొన్న మందు సీసా ఎదుర్లంక వంతెన దాటితే మన ఎక్సైజ్ వాళ్ళు ఎలా పట్టుకుంటారో గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ రాష్ట్రం రాష్ట్రానికీ అలాంటి వంతెనే. న్యూజెర్సీలో హ్యాండ్‌గన్ కొనాలంటే ఒక్కో గన్‌కీ పర్మిట్, పట్టుకు తిరగడానికి ఇంకో పర్మిట్. టెక్సాస్ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. పర్మిట్ లేకుండా దొరికితే 5 నుంచి 10 ఏళ్ళు. ఇల్లినాయిస్‌లో తుపాకీ, తూటాలు ఉంచుకోవడానికే కార్డు కావాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం గన్‌తో ఒక రాష్ట్రం మీదుగా ఇంకో రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళకి కొంచెం వెసులుబాటు ఇస్తుంది, కానీ తూటాలు తీసేసి, చేతికి అందకుండా పెట్టుకుని, బయల్దేరే చోటా చేరే చోటా గన్ ఉంచుకునే హక్కు ఉన్నవాళ్ళకే. హెచ్1బీ ఉద్యోగం ఎప్పుడు ఏ రాష్ట్రానికి తీసుకెళ్తుందో తమ్ముడికి తెలుసా?

అంబాజీపేట కొబ్బరి:
రాజోలు చెల్లెమ్మా, నీ ప్రశ్న మరదలికి చదివి వినిపించాను. తను వెంటనే "బావగారూ, నాకు గన్ వద్దని మొదటి రోజే చెప్పాను, నన్నెవరూ అడగలేదు" అంది. మాకెవ్వరికీ ఆ సంగతి తెలీదు. తమ్ముడు ఫ్రెండ్‌కి వద్దని మెసేజ్ పెట్టాడు, నాకు ఫొటో పంపాడు. ఆ ఇనప కడ్డీ ఎక్కడ కొన్నారో లింక్ పెట్టమ్మా, ఈరోజే ఆర్డర్ పెట్టిస్తాను.